ఆకు బొమ్మ గుచ్చేదాకా

"ఆ లాప్‌టాప్ మూసెయ్యమ్మా. కేసుదాకా తెచ్చుకోకు" అన్నాడు హర్యాది. జకార్తా నుంచి క్యాసెట్ల కంపెనీ పంపిన వకీలు.

"కథ పూర్తికానివ్వండి సార్. తర్వాత మీ ఇష్టం" అంది సెకార్.

వాళ్ల నాన్న సుదర్సో తోలుబొమ్మలాట అంటే ఒకప్పుడు సోలో ఊరంతా ఎగబడేది. ఆ ఆట క్యాసెట్ల హక్కులు కొనుక్కున్న కంపెనీ అమ్మకాలు ఆపేసింది. ఇంటి కంప్యూటర్‌లో ఉన్న ఒక్క కాపీని సెకారే చేజేతులా పోగొట్టింది. ఊరికే వస్తోంది కదా అని ఏదో సాఫ్ట్‌వేర్ దింపితే, దాంతో దూరిన వైరస్ అన్నిటికీ తాళం వేసేసింది. ఇప్పుడు పక్షవాతంతో ఆయనకు మాటే పడిపోయింది. ఆ గొంతు ఇక టొరెంట్‌లోనే, అంటే నెట్‌లో జనం ముక్కలు ముక్కలుగా పంచుకునే దొంగ కాపీలోనే మిగిలింది.

ఎంత వింత! సురినాంలో ఎవరో ఒక ముక్క, మలేసియాలో ఎవరో ఇంకో ముక్క. ముక్కూమొహం తెలియనివాళ్లు తలా కాస్త ఇస్తే, పోయిన గొంతు ఇల్లంతా మోగుతోంది. మంచం మీద సుదర్సో కళ్లు కూడా తుడుచుకోకుండా వింటున్నాడు. చేతిలో ఆకు ఆకారంలో కోసిన తోలుబొమ్మ, పక్కన అరటిబోదె. ఆట చివర బొమ్మను బోదెలో గుచ్చాలి. గుచ్చకుండా ఆపితే ఇంటికి అరిష్టమని ఆయన భయం.

చివరి ముక్క మాత్రం ఎక్కడా దొరకడం లేదు.

"మా ఇల్లు మీకెలా తెలిసింది?" అని అడిగింది సెకార్.

"మేమూ ఆ పంచుకునే గుంపులో చేరతాం, ఎవరెక్కడ ఉన్నారో కనిపిస్తుంది. సాక్ష్యానికని అంతా తీసుకుంటాం, ఒక్క ముక్కా ఇవ్వం. ఇస్తే అదీ దొంగతనమే. నా ఉద్యోగం ఊడుతుంది."

అంతలో ఆట ఆగిపోయింది. బొమ్మ పట్టుకున్న సుదర్సో చెయ్యి గాల్లోనే ఉండిపోయింది. సెకార్‌కి ఏడుపు ఆగలేదు.

"నాన్న ఇలాగే పోతాడేమో సార్. మీ కాళ్లు పట్టుకుంటా, కాస్త ఆగండి."

హర్యాది ఆ చేతికేసి చూశాడు. తన కంప్యూటర్ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

"అప్పుడే కేసు రాసేస్తున్నారా? మీకసలు జాలి లేదా?"

"నా పని నన్ను చేసుకోనీ తల్లీ."

కాసేపటికి ఆగిన గొంతు మళ్లీ లేచింది! ఆటలో యుద్ధం ముగిసింది, వాయిద్యాలు నెమ్మదించాయి. తన గొంతు వెంట తనే పెదాలు కదుపుతూ సుదర్సో ఆకు బొమ్మను బోదెలో గుచ్చాడు.

"ఏ దేశంలో ఉన్నాడో ఆ దేవుడు! దండం పెట్టుకోవాలి" అంటూ సెకార్ చివరి ముక్క ఎక్కడి నుంచి వచ్చిందో తెర మీద వెతికింది. దేశం ఇదే. ఊరూ ఇదే.

పంపిన కంప్యూటర్ హర్యాది ఒళ్లో ఉంది.