రెండు చొక్కాలు

“పైన ఇదీ తొడుక్కో” అంది సుబ్బరత్నం, మందపాటి పాత చొక్కా మొగుడి చేతికిస్తూ.

“మే నెలలో రెండు చొక్కాలేమిటే, ఉడికిపోతాను.”

“ఉడికితే చల్లారతావులే. పోయినసారి ఒక్క చొక్కాతో వెళ్ళావు. ఇప్పటికీ కుడిచెయ్యి పైకి లేవడం లేదు.”

మరియదాసు తొడుక్కున్నాడు. కొండపల్లి చుట్టుపక్కల ఎవరింట్లో తాళం పగిలినా పోలీసు జీపు ముందుగా వీళ్ళుండే యానాదుల గుడిసెల దగ్గరే ఆగేది. ఈసారి జీపు రాలేదు, ముందురోజు ఫోనొచ్చింది. రేపు పదింటికల్లా స్టేషన్‌కి రా, ఆధార్ కార్డు తెచ్చుకో, అని చెప్పి పెట్టేశారు.

“పని కోసం నాలుగుచోట్ల పేరు రాయించుకున్నావుగా. అక్కడేదో పోయుంటుంది, నీమీద పెట్టుంటారు.”

“నేనేం తియ్యలేదే.”

“పోయినసారి మాత్రం తీశావా?”

తొమ్మిదిన్నరకే ఇద్దరూ పోలీస్ స్టేషన్‌లోకి అడుగుపెట్టారు. ఎస్సై శ్రీదుర్గ కొత్తగా వచ్చినావిడ. గోడవారన చతికిలబడబోయిన మరియదాసుని ఆపి కుర్చీ చూపించింది. అతను దాని అంచుమీదే కూర్చున్నాడు.

“ఇంత ఎండలో రెండు చొక్కాలేమిటి?”

“దెబ్బలు కాస్త తక్కువ తగుల్తాయనండి” అంది సుబ్బరత్నం.

శ్రీదుర్గ ముఖం చిన్నబోయింది. “చూడమ్మా, మనిషిని హింసించడానికి మన చట్టమూ ఒప్పుకోదు, ప్రపంచ దేశాలన్నీ కలిసి రాసుకున్న చట్టమూ ఒప్పుకోదు. ఫలానా కులంవాడని అనుమానించడం అసలు కుదరదు. ఇక్కడ నేనుండగా మీ ఆయన మీద ఎవరూ చెయ్యెత్తరు.”

“నిజంగానా అండీ?”

“నిజం. ముందా పై చొక్కా విప్పమనండి.”

విప్పాడు. ఫ్యాను గాలి ఒంటికి తగిలింది. సుబ్బరత్నానికి ప్రాణం లేచొచ్చింది, పైటచెంగుతో కళ్ళొత్తుకుంది.

“మరి కేసేమిటండీ?” అన్నాడు మరియదాసు, ఈసారి కుర్చీలో సరిగ్గా కూర్చుని.

శ్రీదుర్గ రికార్డులన్నీ తిరగేసింది. అతని పేరెక్కడా లేదు.

“ఫోన్ చేసిందెవరు?”

“ధనుంజయ్ గారటండి.”

“ఆ పేరుగలవాళ్ళు ఇక్కడెవరూ లేరే.”

అతని ఫోను తీసుకుని ఆ నంబరుకి తనే చేసింది. అవతలి మాట వింటూనే గడియారం చూసి, జీపు తియ్యమని డ్రైవర్ని కేకేసింది.

“లేవండి మరియదాసు గారూ, ఉద్యోగంలో చేరమని మిమ్మల్ని పిలిచింది రైల్వే స్టేషన్‌కి.”