సౌండు పెట్టె మీద చెయ్యి

"అమ్మా, ఆ సౌండు పెట్టె మీద చెయ్యి తియ్యండి!"

కొత్త గాయకుడు స్టేజీ మీంచి అరిచాడు.

కింద నిలబడ్డ పెద్దావిడ చెయ్యి తియ్యలేదు. పెట్టెకి అరచెయ్యి ఆనించి, కళ్ళు మూసుకుని, తనలో తను నవ్వుకుంటోంది.

"మిమ్మల్నే! చెబుతుంటే వినపడదా?"

ఆవిడ కళ్ళు తెరిచింది. అతని మొహం చూసి, చెయ్యి తీసేసి పక్కకి తప్పుకుంది.

"ఎక్కడి శాల్తీ రా బాబూ!" అని విసుక్కున్నాడు.

అతని కంగారు అతనిది మరి. బృందం నడిపే డ్రమ్ముల అన్న ముందే తేల్చి చెప్పాడు.

"ఇవాళ జనం మెచ్చితే నువ్వు మావాడివి. లేదా, ఎవరి దారి వాళ్ళది."

పైగా వైర్లు లేని ఇయర్‌ఫోన్లొకటి! జన్మలో పెట్టుకుని ఎరగడు. రెండు చెవుల్లోనూ బిరడాల్లా బిగించారు.

"నీ గొంతూ, మా వాయిద్యాలూ ఖంగుమని వినపడతాయి, చూసుకో," అన్నాడు సౌండు చూసే బావ.

తెర లేచింది. నిజమే, ఖంగుమంది! ఒళ్ళంతా పులకరించింది. మొదటి పాట ప్రాణం పెట్టి పాడి ఆగాడు.

చెవుల్లో చడీ లేదు, చప్పుడూ లేదు.

లైట్లు కళ్ళల్లో కొడుతున్నాయి. స్టేజీ చెక్క మీద ఒక చెయ్యి ఆనించి నిలబడ్డ ఆ పెద్దావిడ ఒక్కతే కనపడుతోంది. అంతలో రెండు చేతులూ పైకెత్తి, వేళ్ళు ఆడిస్తూ ఊపింది.

'చాలు, దిగమంటోందా?' అనుకున్నాడు.

అతని మొహం పాలిపోవడం చూసి ఆవిడ గబగబా తల అడ్డంగా ఊపింది. తన చెవి చూపించి, బిరడా పీకినట్టు సైగ చేసింది.

పీకాడు.

హాలు హాలంతా హోరు! చప్పట్లు, ఈలలు, "ఇంకోటి! ఇంకోటి!" అంటూ కేకలు!

ఇంక ఆగుతాడా? ఒక చెవి వాయిద్యాలకీ, ఒక చెవి జనానికీ అప్పజెప్పి రెచ్చిపోయాడు.

పాటలన్నీ అయ్యాక అన్న వచ్చి వీపు మీద ఒక్కటి చరిచాడు.

"మావాడివిరా నువ్వు!"

బావ నాలిక కరుచుకున్నాడు. "జనం వైపు మైకు నీ చెవుల్లోకి కలపడం మర్చేపోయానోయ్!"

"అన్నా, ముందర ఆ పెద్దావిణ్ణి పట్టుకోవాలి. సాయంత్రం కసిరాను కూడా. ఆవిడ చెప్పకపోతే చప్పట్లు కొడుతున్నారనే నాకు తెలీదు. ఏరీ?"

"మా అమ్మా? ఇందాకే బస్సెక్కేసింది."

"మీ అమ్మగారా! మరి చేతులు అలా ఊపారేం?"

"అమ్మ చప్పట్లు అవేరా," అన్నాడు అన్న, డ్రమ్ము మీద అరచెయ్యి ఆనించి. "పుట్టు చెవుడు, నా వాయింపు కూడా ఇన్నేళ్ళూ ఇలాగే వింటోంది."