పోయొస్త

మంగవ్వ సంచిలో సర్దిన చీరలను మళ్ళీ బయటికి తీసి చాపమీద పెట్టింది.

"ఇన్నొద్దులు ఎమ్మే అంటివి. తత్వమని ఎందుకు చెప్పలే?"

"తత్వశాస్త్రం అవ్వా," అంది కూతురు రాజమణి. సీటు వచ్చిన కాగితం ఇంకా ఆమె చేతిలోనే ఉంది.

"తత్వాలు పాడెటోళ్ళెంట పోయి మా అన్న మల్ల గడప తొక్కలే. నువ్వు గూడ ఏక్‌తార పట్టుకుంటవా?"

"గది పాట గాదవ్వా. పరీక్షలుంటయి. పాసైతే కాలేజీల నౌకరి ఇస్తరు."

"తత్వానికి పరీక్షేంది?"

గడపమీద కూర్చుని చెప్పులు తుడుస్తున్న తండ్రి లింగయ్య తలెత్తాడు. "అండ్ల ఏం చెప్తరు బిడ్డా?"

"నేనంటే ఎవరని అడుగుతరు బాపు. పేరు గాదు, ఊరు గాదు, ఇంటోళ్ళు పిలిచే వరుస గాదు. గవన్నీ తీసేస్తే ఏం మిగుల్తదని."

"ఏం మిగుల్తది?"

"గది తెల్వకనే గద రెండేండ్లు చదువుడు."

లింగయ్య రెండో చెప్పు తుడవడం మరిచిపోయాడు.

మంగవ్వ చీరలను ఒక్కొక్కటే తిరిగి సంచిలో పెట్టింది. "బాపు నీతోని పట్నం వస్తడు. సార్లను సూస్తడు. జడలు గట్టినోడు ఒక్కడున్నా నిన్ను వాపసు తీస్కొస్తడు."

"అందరు పాంట్లేస్కుంటరవ్వా."

"నా దోతి గూడ ఒకటి పెట్టు," అన్నాడు లింగయ్య.

"పొద్దుగూకేసరికి వచ్చెటోనికి ఇంకో దోతెందుకు?"

"వానకాలం గద."

మంగవ్వ పెట్టింది.

ఎల్లారెడ్డి బస్టాండులో కామారెడ్డి బస్సు కదలడానికి సిద్ధంగా ఉంది. కామారెడ్డిలో దిగి వాళ్ళు రైలెక్కాలి. రాజమణి కిటికీలోంచి, "పోతున్న అవ్వా," అంది.

మంగవ్వ కిటికీ చువ్వ పట్టుకుంది. "గట్లనొద్దు. పోయొస్త అను."

"పోయొస్త."

"ఎప్పుడొస్తవ్?"

"శనివారం."

"మల్లొకసారి అను."

"పోయొస్త అవ్వా. శనివారం పొద్దుగాల్ల నీ ముందర ఉంట."

బస్సు కదిలింది. కూతురి పక్కనుంచి లింగయ్య, "పోతున్న మరి," అన్నాడు. మంగవ్వ కూతురినే చూస్తూ తలూపింది.

ఆ సాయంత్రం నుంచి ఆమె కామారెడ్డి నుంచి వచ్చే ప్రతి బస్సునూ చూసింది. శనివారం పొద్దున రాజమణి దిగింది, ఒక్కతే. మంగవ్వ ముందు ఆమె మెడ తడిమింది. రుద్రాక్షలు లేవు.

"బాపు ఏడే?"

"గదేందవ్వా? నన్ను హాస్టల్ల దింపి సోమవారం నాడే పోయిండు గద. ఆయన దోతి తీస్కొని పోయిండు."

రాజమణి రెండేళ్ళూ ప్రతి శనివారం వచ్చింది. పాసై, కామారెడ్డి కాలేజీలో నౌకరిలో చేరింది. లింగయ్య 1984 జూలై తొమ్మిది, సోమవారం నాడు పోయాడు, మళ్ళీ రాలేదు.