పక్క సీటు

భగవంతుడు అన్నీ చూస్తుంటాడంటారు, నమ్ముతాను. అయితే చూశాక శిక్ష తానే వేస్తాడా, లేక మనలో ఎవరికైనా ఆ పని అప్పగిస్తాడా అన్నది మాత్రం నాకు ఏళ్ల తరబడి తీరని సందేహం. మెకానిక్‌కి అలాంటి సందేహమేమీ లేదు. తన బావగారి స్పోర్ట్స్ కారు కింద వెల్లకిలా పడుకుని, ఈ మనిషికి శిక్ష నా చేతి మీదుగానే పడాలి అనుకుంటున్నాడు.

"నా వైపు ఒక్కటే వేడి తగలకుండా చెయ్యరా," అన్నాడు బావ పైనుంచి. "పొగగొట్టం వేడికి సీటు కింద పెనం పెట్టినట్టుంటోంది. తలుపు కింద గడప సంగతి సరేసరి, తగిలితే తోలూడుతుంది."

"గొట్టాలు రెండు వైపులా ఉన్నాయి బావా. మరి అక్క వైపు?"

"వద్దు, బరువు. ఆ వైపు వేడికి అడ్డంగా ఉన్న పాత రేకు కూడా పీకెయ్. ఆదివారం కొండదారి పోటీ. కప్పు ఈసారి కూడా మనింటికే రావాలి."

"నిరుడు ఆ పోటీలోనే అక్క పిక్క కాలింది. మచ్చ ఇంకా పోలేదు."

"దిగడం చేతకాక కాల్చుకుంది. మ్యాపు పట్టుకుని దారి చెప్పే మనిషికి ఏసీ గది కావాలా ఏం?"

తన మాటకు తనే నవ్వుకుని, టైరును బూటుతో ఒక తన్ను తన్ని వెళ్లిపోయాడు.

మెకానిక్ పళ్లు నూరాడు. నిరుడు కాలిన కాలితోనే అక్క కప్పు పక్కన నిలబడి ఫొటో దిగింది. నవ్వమని బావ మోచేత్తో పొడవడం అతను కళ్లారా చూశాడు.

గొట్టానికి వేడి ఆపే పట్టీ చుట్టాడు. ఇక దాని పైన రేకు బిగించాలి. రేకు గొట్టానికి ఆనకూడదు. నడుమ వేలు దూరేంత సందు వదలాలి, అందులో ఆడే గాలే వేడిని మోసుకుపోతుంది. మెకానిక్ సందు వదల్లేదు. రేకును ఒక పక్క గొట్టానికీ మరో పక్క కారు అడుగుకీ ఆనేలా వంచి నొక్కిపెట్టాడు. చూసేవాళ్లకి ఏమీ తెలియదు. కొండ ఎక్కేసరికి బావ కింద కుంపటే.

అంతలో అక్క తన పాత కారు షెడ్డు ముందు ఆపి లోపలికొచ్చింది. వంగి చూసింది. కారు వ్యాపారం ఇంట్లోనే ఉన్న మనిషి, ఒక్క చూపులో పట్టేసింది.

"ఏంట్రా అది?"

"బావకి కాస్త వెచ్చగా ఉంటుందని."

"సరిగ్గా బిగించు."

"అక్కా, నీ కాలు..."

"నా కాలు నాకు గుర్తుంది. ఆ సీటు కుండలో నీళ్లంత చల్లగా ఉండాలి. గడప లోపల కూడా వేడి ఆపే దుప్పటి వెయ్యి."

"మరి నీ వైపు?"

"ఆయన చెప్పినట్టే చెయ్యి. పాత రేకు పీకెయ్."

"నీలాంటివాళ్లుండబట్టే ఆయనలాంటివాళ్లు అలా తయారవుతారు."

"ఉపన్యాసం తర్వాత. నా మీద ఒట్టు, చేస్తావా చెయ్యవా?"

ఒట్టు మింగుడుపడలేదు. అయినా చేశాడు. అక్క వైపు రేకు పీకి మూలకి విసిరేశాడు.

ఆదివారం పొద్దున్న పోటీ మొదలయ్యే చోటికి వెళ్లాడు. బావ అప్పటికే కారు నడుపుకొచ్చి, ఇంజన్ ఆపకుండా దిగాడు. అక్క వెనకాలే తన కారులో వచ్చింది.

"భలే చేశావురా," అన్నాడు బావ. "నా వైపు మంచుగడ్డే అనుకో."

చేతి తొడుగులు బిగించుకుని మళ్లీ డ్రైవరు తలుపు తీయబోయాడు. జెండా పట్టుకున్న క్లబ్బు సెక్రటరీ అడ్డొచ్చాడు.

"అటు కాదండీ. ఇన్నాళ్లూ పక్క సీట్లో కూర్చున్నవాళ్లే ఈసారి నడపాలి. మొన్న మీటింగులో తీర్మానించాం. మీరు రాలేదు, మీ తరఫున మేడంగారు వచ్చారు."

"నేనొప్పుకోను."

"అయితే మీ కారు పేరు కొట్టేస్తాను. మీ ఇష్టం."

వెనక కార్లలోవాళ్లు తలలు బయటపెట్టి చూస్తున్నారు. బల్ల మీద కప్పు మెరుస్తోంది. బావ దాన్ని చూశాడు, జనాన్ని చూశాడు, చుట్టూ తిరిగొచ్చి పక్క సీట్లో కూలబడ్డాడు. గడపకి తగిలిన కాలు చటుక్కున లోపలికి లాక్కున్నాడు.

"ఏ తలమాసినవాడు పెట్టాడు ఆ తీర్మానం?"

స్టీరింగు ముందు హాయిగా సర్దుకున్న అక్క, మ్యాపు ఆయన ఒళ్లో పెట్టి గేరు వేసింది.

"నేనే పెట్టానండీ. ఇన్నేళ్ల బాకీ ఈ కొండతో చెల్లు."