గాసి వెదురుబొంగు

అచ్చియమ్మ గుమ్మం దగ్గర కూర్చుని అగ్గిపుల్లలు చీలుస్తోంది. పాత బ్లేడుముక్కతో తల దగ్గర నుంచి నిలువునా చీలిస్తే ఒక పుల్ల రెండవుతుంది. మందు రాలకూడదు. చెయ్యి వణక్కూడదు. ఇవాళ అప్పటికే మూడు పుల్లలు పాడయ్యాయి.

బయట ముసురు. ఎదురుగా ఉండాల్సిన కొండ కనబడడం లేదు. లోపల మంచం మీద కూతురు రత్నాలు గొంగళి కప్పుకుని, దాని మీద రెండు గోనెసంచులు కప్పుకుని, పళ్ళు కటకటలాడిస్తూ పడుకుంది. జ్వరం వచ్చి మూడో రోజు.

"ఒక్కపాలైనా పుల్లని పుల్లలాగ గియ్యవేటమ్మా," అంది ఆ వణుకులోనే.

"గీత్తాను. నీ బొంగులో ఎంతుందో సెప్పు ముందు."

"ఏటీ నేదు."

"మరదే. నీ బొంగు పొయ్యి ఊదుకోడానికే పనికొత్తాది."

రత్నాలు నవ్వబోయింది. దగ్గొచ్చింది.

ఆ ఇంట్లో పిల్లకొక వెదురుబొంగు. కాఫీ తోటలో పనికి వెళ్ళొస్తూ అచ్చియమ్మ మొగుడు పైడయ్య కోసుకొచ్చి, రెండు వైపులా కణుపులు ఉంచి, పైన పైసా దూరేంత గాటు పెట్టాడు. చేతికి ఏది వచ్చినా సగం వాడుకోవాలి, సగం దాచుకోవాలి. అది అచ్చియమ్మ పిల్లలకి పెట్టిన కట్టడి. ఆమె కూడా అంతే. సబ్బు కొంటే ఇంటికి రాగానే దారంతో రెండుగా కోసేది.

రత్నాలుకి అది అబ్బలేదు. సంతలో రిబ్బను కనబడితే చేతిలో పైసా నిలిచేది కాదు. దాని తమ్ముడు గాసికి మాత్రం చెప్పాల్సిన పనే లేకపోయింది. బెల్లంముక్క ఇస్తే పంటితో సరిగ్గా మధ్యకి కొరికి, మిగతాది అడ్డాకులో చుట్టి చూర్లో దోపేవాడు. బళ్ళో మాస్టారు కొత్త బలపం ఇస్తే విరిచి, ఒక ముక్క బొంగులో పడేశాడు.

"డబ్బులెయ్యిరా అంటే బలపాలెయ్యడమేటిరా," అని పైడయ్య నవ్వాడు.

"ఇదీ దాసుకున్నదే కదయ్యా," అన్నాడు వాడు.

ఆ మాట అచ్చియమ్మ నాలుగు రోజులు ఊరంతా చెప్పుకు తిరిగింది.

ఆ గాసి కిందటి వానల్లో ఇలాంటి జ్వరంతోనే పోయాడు. ఎనిమిదేళ్ళవాడు. వాడి బొంగు ఇంకా దూలానికి వేలాడుతోంది. అచ్చియమ్మ దాన్ని ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు.

పొద్దున్న మలేరియా ఉద్యోగి సర్వేశ్వరరావు వచ్చాడు. రత్నాలు వేలు గుచ్చి నెత్తురుచుక్క తీశాడు. వచ్చి వెళ్ళినట్టు గోడ మీద తేదీ వేశాడు. బిళ్ళల పొట్లం అచ్చియమ్మ చేతిలో పెట్టాడు.

"అయిదు రోజులు మానకుండా వెయ్యమ్మా. తగ్గిపోతుంది."

"గుంటడికీ ఇయ్యే ఇచ్చినారు బాబూ. పొట్లం ఖాళీ అయినాది, గుంటడూ పోనాడు."

అతను తల దించుకున్నాడు. గొడుగు విప్పుకుని పక్క ఊరి దారి పట్టాడు. పొట్లం గూట్లో పడి ఉంది. ఆమె విప్పలేదు.

కిందటేడు గాసికి బిళ్ళలిచ్చినప్పుడు నాట్ల రోజులు. ఒక పూట కూలి పోతే ఒక పూట గంజి పోయినట్టే. "నానే మింగుతానమ్మా, నువ్వెల్లు," అన్నాడు గాసి. "జాగర్తగా వాడుకో నాయినా, మల్లీ ఎప్పుడిత్తారో ఏటో," అని పొట్లం వాడి చేతిలో పెట్టి ఆమె మడిలోకి పోయింది. సాయంత్రం వచ్చి అడిగితే, ఎంత చేదో మొహం ముడిచి చూపించేవాడు. ఒక్కసారీ ఏడవలేదు. అయిదు రోజులూ అంతే. మళ్ళీ జ్వరం తిరగబెట్టాక ఎన్నాళ్ళో ఉండలేదు.

డబ్బు అడగడానికి తోట మేస్త్రీ దగ్గరకి వెళ్ళిన పైడయ్య మధ్యాహ్నం తడిసి ముద్దయి వచ్చాడు.

"మేస్త్రీ ఏటన్నాడు?" అంది.

"వొచ్చే వారం సూద్దామన్నాడు." తలగుడ్డ పిండుకుని కూతురి నుదుటి మీద చెయ్యి వేసి, గూటి వైపు చూశాడు. "ఆ బిళ్ళలు ఏసి సూత్తే?"

"ఒకపాలి సూసినాం కదా మావా. సాలదా?"

అతను తలగుడ్డ దండెం మీద ఆరేశాడు.

"కోట ఆసుపత్రికి తీసుకెల్దాం," అంది అచ్చియమ్మ. "అక్కడ పెద్ద డాక్టరున్నాడంట."

"బస్సుకేటి సేత్తావు?"

అచ్చియమ్మ దూలం వైపు చూసింది.

"గాసిగాడిది దించు."

పైడయ్య కదల్లేదు. "ముట్టుకుంటే సేతులిరుత్తానన్నావు కదే."

"దించు మావా. అక్క కోసరం అంటే ఆడే ఇచ్చీవోడు. బేగి, బస్సెల్లిపోద్ది."

అతను బొంగు దించి కత్తితో కణుపు దగ్గర కొట్టాడు. ముందు బలపం ముక్క పడింది. వెనకాల పైసలు, అయిదు పైసల నాణేలు, ఒక పావలా. అచ్చియమ్మ ఒక్కొక్కటీ తుడిచి ఒళ్ళో వేసుకుంది. ఏడాది తర్వాత ఆమె మొహంలోకి కాస్త వెలుగొచ్చింది.

"సూసినావేటే గుంటా, నీ తమ్ముడు," అంది రత్నాలుతో.

"ఇంకా ఏటో గలగలమంతంది," అన్నాడు పైడయ్య. "ఎన్ని బలపాలు దాసినాడో ఎదవ."

బొంగు బోర్లించి గట్టిగా తట్టాడు. పంటితో సరిగ్గా మధ్యకి కొరికిన తెల్లటి బిళ్ళముక్కలు ఒకటి వెనక ఒకటి ఆమె ఒళ్ళోకి రాలాయి, అచ్చియమ్మ లేచి నిలబడింది, డబ్బులూ అవీ నేలంతా దొర్లుతుండగా గుమ్మం దిగి ముసుర్లోకి వెళ్ళిపోయింది.