డ్రిల్లు టీచరమ్మ

కెప్టెన్ పట్టీ చేతి నుంచి ఊడిన రోజే రత్నమణి మనసులో పగ పుట్టింది.

కడపలో అది మిషన్ వాళ్ల ఆడపిల్లల బడి. బడి నడిపే దొరసానమ్మ తన దేశం నుంచి లాక్రాస్ అనే ఆట తెచ్చింది. కొసన తోలు వల అల్లిన పొడుగాటి కట్టె ఒకటి ఉంటుంది. బంతిని ఆ వలలో పట్టాలి, పట్టుకొని పరుగెత్తాలి, అవతలివాళ్ల గోలులోకి విసరాలి.

చుట్టుపక్కల ఆ ఆట ఆడే బడి ఇంకొకటే ఉంది, కర్నూల్లో. ఏటా ఒక పందెం. ఏటా కడప పిల్లలే ఓడేవాళ్లు.

ఈసారైనా గెలవాలని దొరసానమ్మ కొత్త డ్రిల్లు టీచరును పెట్టింది. పేరు విశ్వాసమ్మ. నా అన్నవాళ్లెవరూ లేరని చెప్పి చేరింది. ఆమె నవ్వగా ఎవరూ చూడలేదు.

రత్నమణి బంతి దొరికితే ఎవరికీ ఇచ్చేది కాదు. ఒక్కతే ఉరికేది. ఆ పరుగు చూసి బడంతా కేకలు వేసేది.

విశ్వాసమ్మ కొన్నాళ్లు ఊరికే చూసింది. ఒక పొద్దున అందరి ముందూ పట్టీ విప్పి కృపమణి చేతికి కట్టింది.

“నీకు కాళ్లుండాయి, కండ్లు ల్యావు,” అంది రత్నమణితో. “పక్కన ఎవురుండారో చూసేది నేర్చుకో. అంతవరకూ ఆ గోడకు విసురు, పట్టు.”

ఆ గోడ విశ్వాసమ్మ ముఖమే అనుకొని విసిరింది రత్నమణి.

మిగతా పిల్లలకూ ఆమె ఆట ఆడనిచ్చేది కాదు. ఏ పూట ఏం నేర్పాలో ముందే అనుకొని వచ్చేది. గులకరాళ్లు ఏరించి, నేల మీద ముగ్గుపిండితో గీతలు గీసేది. మొదట ఇద్దరిద్దరు ఎదురుగా నిలబడి విసురుకోవాలి. అది కుదిరితే అదే పని పరుగెత్తుతూ చేయాలి. తర్వాత ముగ్గురు బంతి తీసుకుపోతుంటే ఇద్దరు అడ్డుకోవాలి. పిల్లలకు విసుగు పుట్టకముందే ఇంకొకటి మొదలుపెట్టేది. ఎవరూ తమ వంతు కోసం ఊరికే నిలబడకూడదు. చివర కాసేపే ఆట.

ఒక్కోసారి తనే కట్టె పట్టుకొని వచ్చేది. కుడికి పోతున్నట్టు ఒరిగి, చటుక్కున ఎడమకు తిరిగేది. తనను ఆపమనేది. ఆపేదాకా ఎవరినీ వదిలేది కాదు.

రత్నమణినీ మెల్లగా గోడ దగ్గర నుంచి జట్టులోకి తెచ్చింది. పట్టీ మాత్రం ఇవ్వలేదు.

పందేనికి ముందు రోజు మధ్యాహ్నం కర్నూలు జట్టు రైలు దిగింది. ఎదురు వెళ్లి తీసుకురమ్మని దొరసానమ్మ నలుగురు పిల్లల్ని పంపింది. అందులో రత్నమణి ఉంది.

గూడ్సు షెడ్డు పక్కన విశ్వాసమ్మ కనిపించింది. కర్నూలు కెప్టెన్ ఎస్తేరు చేయి పట్టుకొని గబగబా ఏదో చెబుతోంది.

నవ్వుతోంది కూడా.

రత్నమణికి సంతోషం వేసింది. ఇన్నాళ్లూ వెతుకుతున్నది ఇప్పుడు చేతికి చిక్కింది.

బడికి రాగానే దొరసానమ్మ దగ్గరికి పోయింది. మన ఆట గుట్టంతా టీచరమ్మ కర్నూలు వాళ్లకు చేరవేస్తోందని చెప్పింది. నీ చెవులతో విన్నావా అని దొరసానమ్మ అడిగింది.

“విన్నానమ్మా,” అంది రత్నమణి.

దొరసానమ్మ విశ్వాసమ్మను పిలిపించి, ఆ పిల్లతో నీకేం పని అని అడిగింది. విశ్వాసమ్మ దానికి జవాబు చెప్పలేదు. రేపటి ఆట మాత్రం గోడ అవతల నిలబడైనా చూసి పోతానని బతిమాలుకుంది. దొరసానమ్మ ఒప్పుకోలేదు. సాయంత్రం బండికే వెళ్లిపొమ్మంది.

ఆమె ఏడుపు చూద్దామని రత్నమణి గేటు దగ్గర కాచుకొని నిలబడింది.

విశ్వాసమ్మ ట్రంకుపెట్టె దించి, ఆయాసం తీర్చుకుంది. ఎవరు చెప్పారో ఆమెకు తెలిసినట్టే ఉంది.

“రేపు ఎస్తేరు కుడికి ఒరుగుతాది. నమ్మొద్దు. ఎడమకే తిరుగుతాది,” అని చెప్పి, పెట్టె ఎత్తుకొని వెళ్లిపోయింది.

పోతూ పోతూ కూడా మోసమే అనుకుంది రత్నమణి.

మరునాడు ఆట చివరికొచ్చేసరికి రెండు జట్లూ సమానంగా ఉన్నాయి. ఎస్తేరు బంతితో దూసుకొచ్చింది. కుడికి ఒరిగింది. టీచరమ్మ మాట నమ్మకూడదనే రత్నమణి అనుకుంది గానీ, అన్నాళ్ల సాధన ఆమె కాళ్లను ఎస్తేరు ఎడమవైపుకే లాక్కుపోయింది. ఎస్తేరు సరిగ్గా అక్కడికే తిరిగింది. కట్టెకు కట్టె తగిలి బంతి జారింది.

బంతి అందుకొని రత్నమణి ఉరికింది. పక్కన కృపమణి ఖాళీగా కనబడింది. విసిరింది.

కడప గెలిచింది.

ఆమె లేకపోయినా గెలిచాం అనుకుంది రత్నమణి. అంతటితో కసి తీరలేదు. మీ గూఢచారిని తరిమేశాం అని ఎస్తేరు ముఖం మీదే అందామని పోయింది.

ఎస్తేరు జడ ఊడిపోయి ఉంది. గోడ పొడుగునా ఎవరి కోసమో చూస్తోంది.

“మీ డ్రిల్లు టీచరమ్మ యాడుండాదక్కా?”

“పోయింది. నీకెందుకు?”

ఎస్తేరు ముఖం వాడిపోయింది. చుట్టూ చూసి, గొంతు తగ్గించింది.

“ఎవురికీ చెప్పొద్దక్కా. మా నాయన చనిపోయినప్పట్నుంచి నేను పెద్దనాయన చేతికింద ఉండా. ఆమెతో మాట్లాడినానని తెలిస్తే బడి మాన్పిస్తాడు.”

రత్నమణికి ఏమీ అర్థం కాలేదు.

“ఈ ఎడమ తిరుగుడు చిన్నప్పుడు ఆమే నాకు నేర్పింది. రేపు ఎవురు గెలుస్తారని నిన్న అడిగితి. మా పిల్లోల్లే అని నవ్వింది.”

ఎస్తేరు ఊడిన జుట్టు చేత్తో పట్టుకుంది.

“ఓడిపోయినా ఏడ్చొద్దు, ఆట అయినాక తల దువ్వి జడేస్తా అనింది మా అమ్మ.”