పదిహేడో రోజు

“పదిహేడు రోజులకోసారి ఏమిటండీ, ఆ వంకర లెక్క? చక్కగా పదిహేను రోజులకోసారి వెళ్లొచ్చుగా మా నాన్నని చూడ్డానికి?” అంది భార్య.

“పదిహేనైతే నెలకోసారి మీ బావ మొహం చూడాలి. పద్దెనిమిదైతే వెళ్లినప్పుడల్లా చూడాలి,” అన్నాడు లెక్కల లెక్చరరు బూట్లు తొడుక్కుంటూ. “అతను వచ్చేది ఆరు రోజులకోసారి. పదిహేడు ప్రధాన సంఖ్య. ఒకటికీ తనకీ తప్ప ఇంకెవరికీ లొంగదు. నూటరెండో రోజు దాకా ఆయనగారి ఆరు నా పదిహేడు గుమ్మం తొక్కలేదు. ఆ రోజుకి నాకు జ్వరం వస్తుందిలే. పదిహేడేళ్లు నేలలో దాక్కుని అప్పుడు బయటికొచ్చే పురుగులున్నాయి, తెలుసా?”

“పాపం, వాటికీ తోడల్లుళ్లున్నారేమో!”

తోడల్లుడు లారీల మెకానిక్. లెక్చరరు దృష్టిలో గోళ్లలో గ్రీజు, బుర్రలో మట్టి. పక్షవాతంతో పడిపోయిన మామగారిని ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చిన రోజు ఇద్దరూ అక్కడే ఉన్నారు. “ఓ చెయ్యి వెయ్యి తమ్ముడూ, మంచమ్మీదికి చేరుద్దాం,” అంటూ మెకానిక్ భుజం తట్టాడు. తెల్లచొక్కా మీద అయిదు వేళ్లూ అచ్చుపడ్డాయి.

“ఈ మనిషి ఉన్న ఇంట్లో నేను అడుగుపెట్టను,” అని లెక్చరరు అత్తగారి మొహం మీదే చెప్పేశాడు. ఆవిడ మర్నాడే ఫోన్ చేసింది. “పెద్దల్లుడు నిన్నటి నుంచి లెక్కేసుకుని ఆరు రోజులకోసారి వస్తాడట బాబూ. మీ వీలు చూసుకుని రండి.”

ఇవాళ ఎనభై అయిదో రోజు. లెక్చరరుకి ఇది అయిదో రాక.

మామగారి గడ్డం నున్నగా గీసి ఉంది. గోళ్లు కత్తిరించి ఉన్నాయి. దుప్పటి మీద మరక లేదు. చేతులు వణుకుతున్నా అత్తగారు పనిమంతురాలే అనుకుని, లెక్చరరు కుర్చీ మంచానికి కాస్త దూరంగా జరుపుకుని కూర్చున్నాడు.

“ఎనభై అయిదు రోజులు, అత్తయ్యగారూ! ఒక్కసారైనా ఆయనా నేనూ ఎదురుపడ్డామా? చదువంటే అదీ. స్పానర్లు తిప్పేవాళ్లకి ఏడు జన్మలెత్తినా అందదు.”

బయట వాన అందుకుంది. ఆవిడ గబగబా గొడుగు తీసుకుని పెరటి తలుపు తీసింది. ఈ వానలో పెరట్లో ఏం పనని లెక్చరరు వెనకాలే వెళ్లాడు.

గోడవారగా గొంతుక్కూర్చుని తడుస్తున్నాడు మెకానిక్.

“నిన్న కదండీ మీ వంతు!” లెక్చరరు గొంతు చించుకున్నాడు. “ఆరు దాకా లెక్కపెట్టడం కూడా రాదా మీకు?”

మెకానిక్ లేచి నిలబడ్డాడు. “లెక్క తప్పింది తమ్ముడూ,” అని, గొడుగైనా తీసుకోకుండా వెనకదారిన వెళ్లిపోయాడు.

“చూశారా? వేళ్లు మడిచి లెక్కపెట్టుకోవడం కూడా చేతకాదు. ఇలాంటివాణ్ణి ఎలా భరిస్తున్నారో గానీ...”

అత్తగారు గొడుగు ముడిచింది.

“మీ మామగారిని ఒక పక్క నుంచి ఇంకో పక్కకి తిప్పాలన్నా నా వల్ల అవుతుందా బాబూ? ఆరు రోజులకోసారని మీకు చెప్పమన్నదీ అతనే,” అంది.

“అతను రోజూ వస్తాడు.”